మొరేన్ లేక్ దాకా కారు పోకపోతేనేం?

పోయిన వారం కెనడాలోని మా కాల్గరీ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక తమ్ముడు కోపంగా మెసేజ్ పెట్టాడు. ఇండియా నుంచి అత్తామామలు వస్తున్నారట. బాన్ఫ్ నేషనల్ పార్కులో కొండల మధ్య ఉన్న సరస్సు మొరేన్ లేక్ చూపిద్దామంటే సొంత కారు పోనివ్వరు, పార్కువాళ్ళు నడిపే షటిల్ బస్సులో సీట్లేమో దొరకవు. "ట్యాక్సులు మనం కట్టాలి, పార్కు పాసు మనం కొనాలి, రోడ్డు మాత్రం వాళ్ళు మూసుకుంటారు" అని రాశాడు. కింద ఇరవై దాకా బొటనవేళ్ళు. ఒకాయన "అత్తామామల్ని ఎడ్మంటన్ మాల్‌కి తీసుకుపో, అక్కడ పార్కింగ్ ఫ్రీ" అని సలహా కూడా ఇచ్చాడు.

నేను జవాబు రాయడం మొదలుపెట్టి మూడుసార్లు చెరిపేశాను. వాట్సాప్‌లో నాలుగు లైన్లు దాటితే ఎవరూ చదవరు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. 2023లో ఆ రోడ్డుని సొంత కార్లకి మూసెయ్యడం మంచి పని. ఇంకా అడిగితే, చుట్టుపక్కల పేరున్న సరస్సుల్లో ఇంకొన్నిటికి కూడా అదే చెయ్యాలంటాను. ఈ మాట అనడానికి నాకు ఆరేళ్ళు పట్టింది. అన్నాక కూడా రెండు మూడు చోట్ల నోరు తడబడుతుంది. ఆ చోట్ల గురించీ రాస్తాను.

తెల్లవారుజాము నాలుగున్నరకి

2017లో కెనడా ఏర్పడి 150 ఏళ్ళయిందని నేషనల్ పార్కులన్నిటికీ ఏడాది పాటు పాసు ఉచితంగా ఇచ్చారు. మేం కాల్గరీ వచ్చి అప్పటికి ఎనిమిది నెలలు. ఉచితం అన్నాక ఊరుకుంటామా? ఆ జులైలో ఒక శనివారం రెండు గంటలు డ్రైవ్ చేసుకుని లేక్ లూయిస్ దాకా వెళ్ళాం. పది గంటలకి మొరేన్ లేక్ రోడ్డు మలుపులో ఒకతను జెండా ఊపి 'ముందుకి పోండి' అన్నాడు. పార్కింగ్ నిండిపోయిందట. మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళాం. మళ్ళీ అదే జెండా. మూడోసారి మమ్మల్ని గుర్తుపట్టి నవ్వాడు కూడా.

మాకు పంతం వచ్చింది. రాత్రి దారిలో ఉన్న కాన్మోర్ అనే ఊళ్ళో ఉండి, మర్నాడు మూడింటికి లేచి, నాలుగున్నరకల్లా చేరుకున్నాం. చీకట్లో చివరి నాలుగైదు ఖాళీల్లో ఒకటి దొరికింది. కార్లన్నీ హీటర్ల కోసం ఇంజన్లు ఆన్‌లో పెట్టుకుని గుర్రుగుర్రుమంటున్నాయి. లోపల జనం దుప్పట్లు కప్పుకుని నిద్రపోతున్నారు. మా పక్కనే ఒక ఖాళీ కోసం రెండు కార్ల వాళ్ళు దిగి అరుచుకున్నారు. పదిమంది బిక్కుబిక్కుమంటూ నిలబడితే ఒక చంటిపిల్లాడు మాత్రం గొంతెత్తి ఏడ్చాడు, వాడొక్కడే మనసులో మాట చెప్పినట్టు.

సరస్సు? చూశాం. రాళ్ళగుట్ట ఎక్కాం, ఎండ తొలిసారి శిఖరాలమీద పడడం చూశాం, ఫోటోలు తీసుకున్నాం. "త్వరగా దా, కింద కార్లు ఆగుంటాయి" అన్నాడు మా ఆయన. ఆయన మంచితనమే అది, మనం ఖాళీ చేస్తే ఇంకొకరికి చోటొస్తుందని. ఆరున్నరకి తిరుగుదారిలో ఉన్నాం. ఆ ఫోటోకి రెండువందల లైకులు వచ్చాయి. అందులో నేను సరస్సు వైపు కాదు, పార్కింగ్ వైపు చూస్తున్నాను. ఈ మధ్య మళ్ళీ తీసి చూస్తేగానీ అది నా కంట్లో పడలేదు.

జరగండి అనేవాళ్ళు లేరా?

మాది తిరుపతి. మా నాయన ఆర్టీసీలో డ్రైవరుగా రిటైరయ్యాడు. సర్వీసులో సగం పైగా కొండకీ కిందికీ బస్సు తిప్పడమే. మేం తిరుమల అనం, కొండ అంటాం. ఘాట్‌రోడ్డు మీద సొంత కార్లంటే ఆయనకి చిన్నచూపు. "మలుపులో బ్రేకు వేసేది కారోడు, వెనకాల కాళ్ళు వణికేది బస్సోడికి" అనేవాడు. 2023లో అమ్మా నాయనా ఇక్కడికొచ్చారు. ఆ రోడ్డు మూసేసిన మొదటి వేసవి అది.

షటిల్ సీట్లలో కొన్ని వసంతకాలంలోనే వదిలేస్తారు, మిగతావి ప్రయాణానికి రెండు రోజుల ముందు పొద్దున ఎనిమిదింటికి. వసంతకాలంలో మనం దేనికీ సిద్ధంగా ఉండం కదా. ఎనిమిదింటికి మూడు ఫోన్లూ ఒక ల్యాప్‌టాపూ ముందేసుకుని కూర్చున్నాం. అమ్మ కాఫీ పట్టుకొచ్చి, "మూడొందల టికెట్లు బుక్ చేసినట్టుందే" అంది. శీఘ్రదర్శనం టికెట్లకి మా ఇంట్లో జరిగే తతంగం ఇదే. తేడా ఒక్కటే, ఇక్కడ నాలుగు సీట్లు దొరికాయి.

స్కీ రిసార్ట్ దగ్గర కారు వదిలేసి బస్సెక్కాం. నాయన డ్రైవరు వెనక సీటు పట్టాడు. పన్నెండు కిలోమీటర్ల పొడుగునా ఆయన కొండల్ని చూడలేదు. డ్రైవరు చేతులు చూశాడు, అద్దాలు చూశాడు, బ్రేకు మీద కాలు ఎప్పుడు పడుతోందో చూశాడు. ఎదురుగా బస్సులు, అప్పుడప్పుడూ సైకిళ్ళు తప్ప ఏమీ రాలేదు. "రోడ్డు ఇట్టుంటే నేనింకో పదేళ్ళు డ్యూటీ చేసుందును పాపా" అన్నాడు.

దిగాక అమ్మ నీళ్ళు చూసి అడిగిన మొదటి ప్రశ్న, "రంగేమన్నా కలిపినారా?" అని. కలిపారనే అనుకోవచ్చు. పైనున్న హిమానీనదాలు కదులుతూ కింది రాతిని తిరగలిలా విసురుతాయి. ఆ రాతిపిండి మునిగిపోలేనంత మెత్తగా ఉండి నీళ్ళలో తేలుతూ ఉంటుంది. ఎండ దానిమీద పడి చెదిరినప్పుడు మన కంటికి చేరేది ఎక్కువగా ఆ నీలం, ఆకుపచ్చ రంగులే. జూన్ మొదట్లో వస్తే ఇంత ఉండదు, సరస్సు సగం ఖాళీగా, అడుగు బురద కనిపిస్తూ ఉంటుంది. మంచు కరిగి నిండేది జూన్ చివరికి. ఇదంతా చెప్తే అమ్మ "తిరగలి" అన్న మాట దగ్గరే ఆగిపోయింది. "ఎవరు తిప్పతారు?" అంది. నా దగ్గర జవాబు లేదు.

కాసేపు రాతిమీద కూర్చున్నాక మళ్ళీ అడిగింది. "ఎంతసేపు ఉండచ్చు ఈడ?"

"నీ ఇష్టం. సాయంత్రం దాకా ఉండచ్చు. తిరిగిపొయ్యేదానికి ఏ బస్సయినా ఎక్కచ్చు."

"జరగండి జరగండి అనేవాళ్ళు లేరా?"

నాకు 2017 గుర్తొచ్చింది. ఆ రోజు నన్ను జరగమన్న సేవకులెవరూ లేరు. నన్ను జరిపింది నా కారే. అది ఒక చోటు ఆక్రమించుకుని ఉంది, ఆ చోటు కోసం ఇంకొకరు కాచుకుని ఉన్నారు, ఆ బరువు రాళ్ళగుట్ట మీద కూడా నా భుజాల మీదే ఉంది. బస్సులో వచ్చినప్పుడు నేను ఆక్రమించుకున్నది ఒక రాయి, అంతే. కారు ఉంటే స్వేచ్ఛగా తిరగొచ్చు అంటాం. చాలాచోట్ల అది నిజం కూడా. రెండువందల కార్లు కూడా పట్టని ఒక కొండ చివర మాత్రం కారు ఉన్నవాడే తొందరగా వెనక్కి పోతాడు.

ఒక చిన్న పక్కమాట. సరస్సు వెనక వరసగా పది శిఖరాలు ఉంటాయి, ఆ లోయకి పదిశిఖరాల లోయ అనే పేరు. 1890ల్లో శామ్యూల్ ఆలెన్ అనే ఆయన వాటికి ఇక్కడి స్టోనీ నకోడా ప్రజల భాషలో ఒకటి నుంచి పది దాకా అంకెలు పేర్లుగా పెట్టాడు. అందులో ఒకదాని పేరు సప్త. మా ఆయన వేలు పెట్టి లెక్కపెట్టి ఏడోది ఎక్కడ అని వెతికాడు. స్టోనీలో సప్త అంటే ఐదట. తర్వాత్తర్వాత చాలావాటికి ఎవరెవరో పెద్దమనుషుల పేర్లు పెట్టేశారు, ఆ ఐదో శిఖరానికీ. మా నాయనకి ఇది నచ్చలేదు. "అంకెలు ఉంటే ఏమి నష్టం? రూట్ నంబర్లు లేవా?" అన్నాడు.

నాలుగో మనిషి

మొరేన్ లేక్ పక్కనుంచి కన్సొలేషన్ లేక్స్ అని ఒక దారి పోతుంది. ఒకవైపు మూడు కిలోమీటర్ల లోపే, పెద్ద ఎక్కుడు లేదు. అయితే గ్రిజ్లీ ఎలుగుబంట్లు తిరిగే వారాల్లో ఈ చుట్టుపక్కల దారుల్లో నలుగురు, అంతకంటే ఎక్కువమంది దగ్గర దగ్గరగా నడవాలని చట్టపరంగా నిబంధన పెడతారు. మేం నలుగురం, సరిపోతాం అనుకున్నా. అమ్మ దారి మొదట్లో రాళ్ళు చూసి, మోకాలు పట్టుకుని, "మీరు పోండి, నేను ఈడ కూసుంటా" అంది. ముగ్గురమయ్యాం.

బోర్డు దగ్గర అరవై దాటిన ఒక తెల్లావిడ చేతికర్రలతో ఒక్కతే నిలబడి ఉంది. మమ్మల్ని లెక్కపెట్టింది, మేం ఆమెని లెక్కపెట్టాం. పరిచయాలు అవసరం లేకుండా నవ్వుకున్నాం. నా వాదనకి గట్టి దెబ్బ కొట్టింది ఈవిడే.

ఆమె ముప్ఫై ఏళ్ళకి పైగా ఈ చుట్టుపక్కలే ఉంటోందట. ఉద్యోగం చేసే రోజుల్లో సాయంత్రం డ్యూటీ దిగి, మనసు బాగాలేకపోతే కారేసుకుని ఇక్కడికొచ్చి, అరగంట కూర్చుని పోయేదాన్ని అంది. ముందు అనుకుని కాదు, అప్పటికప్పుడు. "బస్సు వచ్చాక మీలాంటివాళ్ళు రాగలుగుతున్నారు, నాకు సంతోషమే. నాకు మాత్రం ఈ సరస్సు ఇప్పుడు అపాయింట్‌మెంట్ అయిపోయింది" అంది. కోపం లేదు ఆ మాటలో. అందుకే ఎక్కువ తగిలింది.

నేను ఏమీ అనలేకపోయాను. ఇప్పుడు అనగలిగింది ఇంతే. ఆమె పోగొట్టుకున్నదాన్ని నిజానికి బస్సు తీసుకోలేదు. మాలాంటి వాళ్ళ కార్లు వేలల్లో వచ్చినప్పుడే అది పోయింది. 2017లో ఆమె డ్యూటీ దిగి వచ్చుంటే, ఆ జెండా మనిషే ఆమెని కూడా ముందుకి పొమ్మనేవాడు. ఏడాదికి నలభై లక్షల పైచిలుకు జనం వచ్చే పార్కులో 'అప్పటికప్పుడు' అనేది ముందే చచ్చిపోయింది. ఇది సరైన జవాబే అనుకుంటాను. ఆమెకి ఓదార్పుగా ఉంటుందని మాత్రం అనుకోను.

ఓదార్పు అంటే గుర్తొచ్చింది. మొరేన్ లేక్ ఉన్న లోయని మొదట్లో చూసిన వాల్టర్ విల్‌కాక్స్ అనే పర్వతారోహకుడి వాళ్ళు దానికి డెసొలేషన్ వ్యాలీ అని పేరు పెట్టారు, దిక్కులేని లోయ అన్నట్టు. పక్కలోయ దానికి భిన్నంగా హాయిగా కనిపించిందని దీనికి కన్సొలేషన్. తర్వాత ఆ దిక్కులేని లోయ బొమ్మే 1969, 1979 సిరీస్‌ల కెనడా ఇరవై డాలర్ల నోటు వెనక ఎక్కింది.

మేం నలుగురం నడిచాం. నాయన ముందు, చప్పట్లు కొడుతూ, ఎలుగుబంటికి వినపడాలని "గోవిందా గోవిందా" అంటూ. ఆ తెల్లావిడ అర్థం అడిగింది. చెప్తే ఆమె కూడా రెండుసార్లు అంది. చివర రాళ్ళ కుప్పల మధ్య చిన్న సరస్సు, ఎనిమిది మంది కంటే లేరు. మొరేన్ అంత నీలం కాదు. మేం నలభై నిమిషాలు కూర్చున్నాం.

2017లో మాకు ఇక్కడ ఇలాంటి దారి ఒకటుందని కూడా తెలీదు. కారులో వచ్చినవాళ్ళం, కారు ఎక్కడ ఆగితే సరస్సు అక్కడే అనుకున్నాం. బస్సులో వచ్చేసరికి చేతిలో రోజంతా మిగిలింది, దాంతో ఏం చెయ్యాలో తెలీక నడిచాం. బస్సువాళ్ళందరూ నడుస్తారని అనను. చాలామంది దిగి, ఫోటో తీసుకుని, వచ్చిన బస్సే ఎక్కి పోతారు. వాళ్ళకీ నాకూ గొడవ లేదు. కనీసం ఎవరో తోస్తున్నారని పోవడం లేదు కదా.

అమ్మ మోకాళ్ళు, డబ్బున్నోళ్ళ బస్సులు

తిరిగొచ్చేసరికి అమ్మ ఒడ్డున దారిలో తనంతట తను అటు చివరికీ ఇటు చివరికీ నడిచొచ్చింది. చదునైన దారి, ఒకవైపు కిలోమీటరున్నర కూడా ఉండదు. అంతవరకూ బాగుంది. కానీ కిందికి పోయే బస్సు క్యూలో యాభై నిమిషాలు నిలబడాల్సి వచ్చింది. కూర్చోడానికి చోటు లేదు. అమ్మ నా భుజం పట్టుకుని ఒక కాలు మీద బరువు మార్చి మార్చి నిలబడింది. వికలాంగుల ప్లకార్డు ఉన్న కార్లని ఆ రోడ్డుమీద అనుమతిస్తారు, అది న్యాయమైన మినహాయింపు. అమ్మకి ఆ ప్లకార్డు లేదు. రాదు కూడా. డెబ్భై దాటిన మోకాళ్ళు వైకల్యం కాదు, ఆరోగ్యమూ కాదు. ఈ రెండిటికీ మధ్యలో ఉన్న మనుషులు మన ఇళ్ళల్లో చాలామంది ఉన్నారు. రోడ్డు మూసినవాళ్ళు వీళ్ళ గురించి ఆలోచించారని నాకు అనిపించదు. నాలుగు బెంచీలు, పెద్దవాళ్ళకి విడిగా ఒక వరస, ఇవేమీ కొండని తవ్వి చేసే పనులు కావు.

రెండోది డబ్బు. పార్కువాళ్ళ షటిల్‌కి మేం కట్టింది మనిషికి పది డాలర్ల లోపే. అది దొరక్కపోతే ప్రైవేటు బస్సులు ఉన్నాయి, వాటి రేటు దానికి ఎన్నో రెట్లు. సూర్యోదయం చూడాలంటే ఎక్కువగా వాటినే పట్టుకోవాలి. ఇది నాకు బ్రేక్ దర్శనం లాగే కనిపిస్తుంది. సామాన్యుడికి ఎనిమిదింటి క్లిక్కు, ఉన్నోడికి వేరే వాకిలి. కారు రోజుల్లో కనీసం నిద్ర పాడుచేసుకోవడానికి సిద్ధపడ్డ ఎవడికైనా చోటు దొరికేది, వాడి దగ్గర పాత డొక్కు కారున్నా సరే. ఇప్పుడు నిద్ర బదులు డబ్బు పని చేస్తుంది. కారు మూసెయ్యడం సరైనదే అంటూనే, బస్సుని మాత్రం ఒకే ధరకి, ఒకే క్యూలో పెట్టాలని అంటాను. ఈ రెండూ కలిపి అడగొచ్చు. గ్రూపులో మనవాళ్ళు మొదటిదాన్ని తిట్టి రెండోదాన్ని వదిలేస్తున్నారు.

మూడోది, కార్లు మాయమవవు, పక్కకి పోతాయి. మొరేన్‌కి పోలేనివాళ్ళు లేక్ లూయిస్ పార్కింగ్ నింపుతారు, ఎమరాల్డ్ లేక్ రోడ్డు పక్కన బారులు తీరుస్తారు, పేటో లేక్ వ్యూపాయింట్ కింద తిరుగుతూ ఉంటారు. నిజమే. అందుకే మొదట్లో ఇంకొన్నిటికి కూడా అన్నాను.

దీనికి పాత ఉదాహరణ పక్క పార్కు యోహోలోనే ఉంది. లేక్ ఓహారాకి దశాబ్దాలుగా సొంత కార్లు పోనివ్వరు. సైకిలు కూడా కుదరదు. బస్సు సీట్లు కొన్నే, వాటికి లాటరీ. అయితే పదకొండు కిలోమీటర్లు నడిచి వెళ్తానంటే మాత్రం ఎవరూ ఆపరు, లాటరీ అక్కర్లేదు. ఈ ఏర్పాటు నాకు నచ్చుతుంది. నచ్చడానికి కారణం మళ్ళీ మా ఊరే. టికెట్టు దొరకనివాడికి అలిపిరి మెట్లు ఎప్పుడూ ఉన్నాయి, 3,550. ఎక్కినంత మాత్రాన స్వామి ఎదురుగా నిలబెట్టరు, ఆ క్యూ వేరే. కానీ కొండ మాత్రం దక్కుతుంది. మా నాయన జీవితమంతా బస్సు తోలి, మొక్కు ఉంటే మాత్రం నడిచే ఎక్కేవాడు. అమ్మలాంటివాళ్ళకి మెట్లు జవాబు కాదని నాకు తెలుసు. బస్సు ఉండేది వాళ్ళకోసమే, వాళ్ళకే ముందుగా ఉండాలి.

ఇండియాలోనూ ఇది మొదలైంది. 2024 మే నుంచి ఊటీకీ కొడైకెనాల్‌కీ పోవాలంటే ఈ-పాస్ తీసుకోవాలి, మద్రాస్ హైకోర్టు చెప్పడంతో. కానీ పాస్ తీసుకుని కారే వేసుకుని పోతాం కాబట్టి, సరస్సు పక్కన హారన్లు తగ్గుతాయన్న ఆశ నాకు లేదు. కార్లని లెక్కపెట్టడం వేరు, కార్లని కింద ఆపడం వేరు. పాడేరు దగ్గర వంజంగి కొండకి మేఘాలు చూడ్డానికి శీతాకాలంలో ఎంత జనం పోతున్నారో, వాళ్ళు పోయాక అక్కడ ఏం మిగులుతుందో మీకు తెలుసు. అక్కడ బస్సు పెట్టి కార్లు ఆపుతామంటే మనమే ముందు ధర్నా చేస్తామేమో.

ఆ రోజు బస్సులో కిందికి వస్తూ అమ్మ నిద్రపోయింది. నాయన డ్రైవరుతో దిగేటప్పుడు చెయ్యి కలిపి "ఐ ఆల్సో డ్రైవర్, ఘాట్ రోడ్" అన్నాడు. అతను లేచి నిలబడి మరీ చెయ్యిచ్చాడు. నాయన ఊళ్ళో ఇప్పటికీ చెప్పేది ఆ షేక్‌హ్యాండ్ గురించే, సరస్సు గురించి కాదు.

ఇదంతా గ్రూపులో పెట్టలేదు. ఆ తమ్ముడికి విడిగా రాశాను. 'రెండు రోజుల ముందు పొద్దున ఎనిమిదింటికి సీట్లు వదుల్తారు, ఏడూ యాభైకే లాగిన్ అయి కూర్చో. అత్తగారికి మడత కుర్చీ ఒకటి పట్టుకెళ్ళు, తిరుగు క్యూలో పనికొస్తుంది.'

పది నిమిషాలకి జవాబు వచ్చింది. "థాంక్స్ అక్కా. కుర్చీ బస్సులో ఎక్కనిస్తారా? మేం ముగ్గురమే. మా ఆవిడకి ఆ రోజు డ్యూటీ."

ముగ్గురే అయితే కన్సొలేషన్ దారి బోర్డు దగ్గర కాసేపు నిలబడండి అని రాశాను.